తాయెత్తు కట్టిన ఓడ: గల్ఫ్ సముద్రపు వ్యంగ్యకథ, ఖతర్ తీరం

దేవుడి పేరు చెప్పి పొట్టపోసుకునే వంచకులనూ, వారి మాట విని డబ్బు మూట విప్పే మనుషుల తెలివితక్కువతనాన్నీ నవ్విస్తూ బట్టబయలు చేసే కథలు అరబ్బీ సాహిత్యంలో వెయ్యేళ్ల క్రితమే ఒక ప్రత్యేక ప్రక్రియగా రూపుకట్టాయి. ఆ ప్రక్రియను మఖామా అంటారు. నిలబడే చోటు అన్నది ఆ మాటకు మూలార్థం కాగా, పదిమంది ముందు నిలబడి చేసే ప్రసంగమనీ, ఆ ప్రసంగం చుట్టూ అల్లిన చిన్న కథ అనీ అర్థం క్రమంగా విస్తరించింది. మఖామా పద్యం కాదు, మామూలు వచనమూ కాదు. వాక్యాల చివర ప్రాస కలుస్తూ సాగే, అరబ్బీలో సజ్ అని పిలిచే గద్యంలో నడుస్తూ, నడుమ నడుమ పద్యాలను కలుపుకొంటుంది. ఊరూరా తిరిగే ఒక పెద్దమనిషి కథ చెబుతాడు. ప్రతి ఊళ్లోనూ అతనికి ఒక మాటకారి, ఒకచోట వైద్యుడిగా, మరొకచోట ధర్మబోధకుడిగా, ఇంకొకచోట కుంటివాడిగా వేషం మార్చుకొని ఎదురవుతాడు. జనం డబ్బులిచ్చి వెళ్లిపోయిన తర్వాత కథకుడు ఆ ముసుగు వెనుక మనిషిని గుర్తుపడతాడు. ప్రక్రియ చట్రం ఇంతే అయినా, ఆ చట్రంలో ఇమడని మానవ బలహీనత దాదాపు లేదు.

ఈ కథలలో ప్రసిద్ధమైన ఒకటి గల్ఫ్ సముద్రం మీద జరుగుతుంది. ఖతర్ ద్వీపకల్పాన్ని మూడు వైపులా ఆవరించిన సముద్రం అదే. ఆ కథ పుట్టిన కాలానికి ఖతర్ పేరుతో వేరే రాజ్యం లేదు. పదమూడో శతాబ్దపు భూగోళ నిఘంటుకర్త యాఖూత్ అల్ హమవీ ఖతర్‌ను బహ్రైన్ అని పిలిచే విశాల తీరప్రాంతంలోని ఒక ఊరుగా పేర్కొని, అక్కడి నుంచి వచ్చే ఖతరీ వస్త్రాలను ప్రత్యేకంగా ప్రస్తావించాడు. ఆ వస్త్రాల పేరు ఇస్లాం తొలినాళ్ల నుంచే అరబ్బులకు పరిచితం. ద్వీపకల్పపు వాయవ్య భాగంలో తవ్వకాలలో బయటపడిన ముర్వాబ్ అనే గ్రామం, దాని కోట, మసీదులు తొమ్మిదో శతాబ్దపు అబ్బాసీ యుగానికి చెందినవి. అంటే బాగ్దాద్, బస్రాలలో ఈ హాస్యం పుట్టి పెరుగుతున్న రోజులలో ఈ తీరంలోనూ మనుషులు ఇళ్లు కట్టుకొని, నమాజు చేసుకొని, సముద్రాన్ని నమ్ముకొని బతుకుతున్నారన్నమాట. గల్ఫ్ వ్యంగ్యకథను అర్థం చేసుకోవాలంటే ఈ చివరి మాటనే, సముద్రాన్ని నమ్ముకొని బతకడం అన్నదాన్నే, ముందుగా గమనించాలి.

మఖామాకు ఆద్యుడు బదీ ఉజ్జమాన్ అల్ హమదానీ. ఇరాన్‌లోని హమదాన్ నగరంలో 968లో పుట్టి, నలభై ఏళ్లు నిండకుండానే హెరాత్‌లో మరణించిన ఈ రచయిత సృష్టించిన మాటకారి పేరు అబుల్ ఫత్హ్ అల్ ఇస్కందరీ. కథకుడు ఈసా ఇబ్న్ హిషామ్. హమదానీ కథలలో మత వంచన తీరుతెన్నులు ఎంత వైవిధ్యంతో కనిపిస్తాయంటే, ఆ రోజుల నగరాల చీకటి వృత్తులకు అవి ఒక జాబితాగా పనికివస్తాయి. ఇస్ఫహాన్ పేరిట ఉన్న మఖామాలో కథకుడు ప్రయాణానికి తొందరపడుతూనే మసీదులో నమాజుకు నిలబడతాడు. ఇమాము దీర్ఘంగా పారాయణం సాగిస్తూ ఉంటే బిడారు వెళ్లిపోతుందేమోనని లోలోపల కుతకుతలాడతాడు. నమాజు ముగిసీ ముగియకముందే ఒకడు లేచి, కలలో ప్రవక్త కనిపించి తనకొక ప్రార్థన నేర్పాడనీ, దాన్ని కస్తూరితో, కుంకుమపువ్వుతో కాగితాల మీద రాశాననీ ప్రకటిస్తాడు. జనం ఎగబడతారు, నాణేలు వర్షిస్తాయి. మోసూల్ మఖామాలో అదే మనిషి మొదట ఒక శవం చచ్చిపోలేదని బంధువులను నమ్మించి రెండు రోజులు కానుకలు అందుకొని, దొరికిపోయి దెబ్బలు తింటాడు. తర్వాత వరద ముంచుకొస్తున్న పల్లెకు చేరి, పసుపుపచ్చని ఆవును బలి ఇమ్మనీ, తనకొక కన్యనిచ్చి పెళ్లి చేయమనీ, అందరూ తన వెనుక నిలబడి సుదీర్ఘమైన సాష్టాంగంతో నమాజు చేయాలనీ, తల ఎత్తితే ప్రార్థన చెడుతుందనీ ఆదేశించి, పల్లె మొత్తం నేలకు నుదురు ఆనించి ఉండగా అక్కడి నుంచి జారుకుంటాడు.

వీటన్నిటిలో సముద్రానికి సంబంధించినది హిర్జియ్యా. హిర్జ్ అంటే రక్షణనిచ్చే రాత, అంటే తెలుగువారి తాయెత్తు; హైదరాబాద్ ప్రాంతంలో వినిపించే తావీజు అనే మాట కూడా ఇదే భావానికి చెందిన మరో అరబ్బీ పదం నుంచి ఉర్దూ మీదుగా వచ్చినదే. హిర్జియ్యాలో ఓడ కాస్పియన్ సముద్రం మీద తుఫానులో చిక్కుకుంటుంది. అందరూ ఏడుస్తూ ఉండగా ఒక్కడు మాత్రం నిబ్బరంగా కూర్చుంటాడు. మునిగిపోకుండా కాపాడే రాత తన దగ్గర ఉన్నదనీ, ఒక్కొక్కరు ఇప్పుడొక దీనారు ఇచ్చి, ఒడ్డు చేరాక మరొక దీనారు ఇస్తామని మాట ఇస్తే పంచుతాననీ అంటాడు. ఓడ క్షేమంగా చేరుతుంది, బాకీ వసూలవుతుంది. ఆ నిబ్బరం ఎక్కడిదని కథకుడు అడిగినప్పుడు వచ్చే జవాబులో లెక్క చాలా సులువు: ఒడ్డు చేరితే డబ్బు దక్కుతుంది, మునిగితే తిరిగి అడగడానికి ఎవరూ మిగలరు. వంచకుడు పణంగా పెట్టినది ఏమీ లేదు. భయపడినవాడు మాత్రం చేతిలోని దీనారును పెట్టాడు. భయం మార్కెట్టుగా మారే పద్ధతిని ఇంత క్లుప్తంగా విప్పిన కథ ప్రపంచ సాహిత్యంలో అరుదు.

హమదానీ వేసిన ఈ బాటను రాజమార్గం చేసినవాడు బస్రాకు చెందిన అల్ హరీరీ (1054–1122). ఆయన రాసిన 50 మఖామాలు అరబ్బీ గద్యానికి శిఖరమని తర్వాతి తరాలు తీర్మానించాయి. హీబ్రూ నుంచి జర్మన్ దాకా అనేక భాషలలోకి అవి వెళ్లాయి. దక్షిణాసియా మదర్సాలలో అరబ్బీ సాహిత్య పాఠ్యంగా తరతరాలు వాటిని కంఠస్థం చేశాయి. హరీరీ మాటకారి సరూజ్ పట్టణానికి చెందిన అబూ జైద్, కథకుడు అల్ హారిస్ ఇబ్న్ హమ్మామ్. మొదటి మఖామాలోనే, యెమెన్‌లోని సనా నగరంలో, వైరాగ్యం బోధించి జనాన్ని ఏడిపించిన ముసలి బోధకుడిని కథకుడు వెంబడించి వెళ్లి చూస్తే, ఆ బోధకుడు ఒక గుహలో శిష్యుడితో కలిసి తెల్లని రొట్టె, వేయించిన మేకపిల్ల మాంసం ముందు పెట్టుకొని, పక్కనే మద్యపు కూజాతో కూర్చొని ఉంటాడు. పుస్తకానికి తలుపు ఇలా తెరిచిన రచయిత, ఆ తలుపు దగ్గరే తన పీఠికలో ఒక సమర్థన కూడా రాసుకోవడం గమనించదగినది. జంతువుల చేత, మాట రాని వస్తువుల చేత మాట్లాడించిన కట్టుకథలను ఎవరూ తప్పుపట్టలేదనీ, కర్మకు మూలం సంకల్పమే కనుక బోధ కోసం కల్పించిన కథ పాపం కాదనీ ఆయన వాదించాడు. కల్పనను అబద్ధంగా అనుమానించే ధార్మిక వాతావరణంలో నవ్వును కాపాడుకోవడానికి చేసిన గంభీరమైన వాదన ఇది.

మొదట ప్రస్తావించిన గల్ఫ్ సముద్రపు కథ హరీరీ రాసిన 39వ మఖామా. దాని పేరు ఉమానియ్యా, అంటే ఒమాన్ కథ. ఓడ లంగరు ఎత్తే వేళ, రాత్రి చీకటిలో, తనను ఎక్కించుకోమని ఒడ్డు నుంచి ఒక గొంతు వేడుకుంటుంది. ఎక్కినవాడు, సముద్ర ప్రయాణంలో కాపాడే హిర్జ్ తనకు తెలుసని చెప్పి, నోవహు ప్రవక్త తన ఓడ ఎక్కేటప్పుడు పలికినట్లుగా ఖురాన్ చెప్పే దైవనామ వాక్యాన్ని గంభీరంగా పఠిస్తాడు. ముస్లిం నావికులందరికీ నోటికి వచ్చిన వాక్యమే అది. కొత్తగా అమ్మడానికి అతని దగ్గర ఏమీ లేదు. అయినా ఓడలోని వారు మురిసిపోతారు. కథకుడు మాత్రం ఆ గొంతులో అబూ జైద్‌ను గుర్తుపడతాడు. తర్వాత గాలి తిరగబడి, అలలు లేచి, ఓడ ఒక ద్వీపం పక్కన ఆగిపోవలసి వస్తుంది. తిండి వెతుక్కుంటూ దిగిన ఇద్దరికీ ఒక భవనం ముందు దుఃఖంలో మునిగిన సేవకులు కనిపిస్తారు. ద్వీపాధిపతికి ఎన్నో ఏళ్లుగా సంతానం లేదు. ఇప్పుడు భార్య గర్భవతి అయింది, కాని పురుడు కష్టమై తల్లీబిడ్డలిద్దరూ ప్రమాదంలో ఉన్నారు.

అబూ జైద్ వెంటనే తన దగ్గర సుఖప్రసవ మంత్రం ఉన్నదంటాడు. రెల్లు కలం, సముద్రపు నురుగురాయి, పన్నీటిలో నానబెట్టిన కుంకుమపువ్వు తెప్పిస్తాడు. సాష్టాంగపడి, దేవుడిని వేడుకొని, అందరినీ దూరంగా జరిపి, రాయి మీద కొన్ని పంక్తులు రాస్తాడు. ఆ రాతను పట్టుగుడ్డలో చుట్టి, అత్తరు పూసి, మైలబడిన చేయి తగలకూడదని హెచ్చరించి, ప్రసవిస్తున్న స్త్రీ తొడకు కట్టమంటాడు. రాసినదేమిటో పాఠకుడికి మాత్రమే తెలుసు: గర్భంలోని శిశువును ఉద్దేశించి, నీవున్న చోటు ఎంతో సురక్షితమైనది, అక్కడ నీకు మోసపు స్నేహితుడూ లేడు, శత్రువూ లేడు, బయటికి వస్తే కన్నీళ్లే, కాబట్టి రాకు అని సలహా ఇచ్చే పద్యం అది. మంత్రం అడిగిన పనికి పూర్తి వ్యతిరేకంగా రాసిన మాట అది. బిడ్డ పుడుతుంది. భవనం సంబరంతో హోరెత్తుతుంది. కానుకలు గుట్టపడతాయి. ద్వీపాధిపతి అబూ జైద్‌ను వదలలేక తన దగ్గరే ఉంచుకుంటాడు, కథకుడు ఒంటరిగా ఓడ ఎక్కుతాడు.

ఈ కథ మీద ఆగి ఆలోచించవలసిన అవసరం ఉంది, ఎందుకంటే వ్యంగ్యకథలలో సాధారణంగా మోసం బయటపడి మోసగాడికి శిక్ష పడుతుంది, లేదా తాయెత్తు పనిచేయక నమ్మినవాడు నవ్వులపాలవుతాడు. హరీరీ ఆ రెండు దారులనూ తోసిపుచ్చాడు. తాయెత్తు కట్టారు, బిడ్డ పుట్టింది. ఒకదాని తర్వాత ఒకటి జరిగినందువల్ల మొదటిదే రెండోదానికి కారణమని మనిషి బుద్ధి ముడివేసింది. ఆ ముడిని విప్పే ఆధారం, అంటే రాతలోని అసలు మాట, తొడకు కట్టిన పట్టుగుడ్డలోనే ఉన్నది. ఎవరూ విప్పి చూడలేదు. విప్పకూడదన్న నియమాన్ని పవిత్రత పేరుతో పెట్టినవాడే అది రాసినవాడు. మూఢత్వం ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు ఇంతకంటే శాస్త్రీయమైన సమాధానం కల్పనా సాహిత్యంలో దొరకడం కష్టం. అయినా కథ ఆ తల్లిని గానీ, ఆ తండ్రిని గానీ ఎక్కడా ఎగతాళి చేయదు. పురిటి మంచం దగ్గర ఏమీ చేయలేక నిలబడిన మనిషి దేన్నైనా నమ్ముతాడన్న ఎరుక ఆ వాక్యాల అడుగున ఉన్నది, ఆ దయ వల్లనే ఈ వ్యంగ్యం వెయ్యేళ్ల దగ్గర పడుతున్నా వాడిపోలేదు.

తెలుగు పాఠకులకు ఈ మనుషులు కొత్తవారు కారు. ఏడో శతాబ్దంలో కాంచీపురం నుంచి ఏలిన పల్లవ మహేంద్రవర్మ మత్తవిలాస ప్రహసనంలో, కుక్క ఎత్తుకుపోయిన పుర్రె గిన్నె కోసం కాపాలికుడు బౌద్ధ భిక్షువుతో తగవు పడతాడు. గురజాడ అప్పారావు 1897లో అచ్చువేయించిన కన్యాశుల్కంలో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బంధిస్తాడు. గవరయ్య సీసా, అబూ జైద్ పట్టుగుడ్డ ఒకే తర్కం మీద నిలుస్తాయి: లోపల ఏమున్నదో చూసే హక్కు కొనేవాడికి లేదు. అయితే మహేంద్రవర్మ, గురజాడ నాటకాలలో నవ్వు నగర వీధిలోనూ పల్లె లోగిలిలోనూ పుడుతుంది. అరబ్బీ కథలో అది నీటి మీద, ప్రాణభయం మధ్య పుడుతుంది. ఈ తేడా చిన్నది కాదు.

ఉమానియ్యాకు చిత్రరూపం ఇచ్చినవాడు యహ్యా అల్ వాసితీ. 1237లో ఆయన రాసి, బొమ్మలు వేసి పూర్తిచేసిన హరీరీ ప్రతి ఇప్పుడు పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నది. అందులో ఓడ బొమ్మ, మధ్యయుగపు గల్ఫ్ నౌకల గురించి పరిశోధించేవారందరూ తప్పక చూసే చిత్రం: పలకలను మేకులతో కాక తాళ్లతో కుట్టిన ఓడ, నీళ్లు తోడిపోస్తున్న నావికులు, గుండ్రని కిటికీల నుంచి బయటికి చూస్తున్న ప్రయాణికుల ముఖాలు. ఓడ పనివారి ఒంటి రంగు, వేషం చూసి వారిని భారతీయులుగా పరిశోధకులు పోల్చారు. పురుడు దృశ్యంలో పైన ద్వీపాధిపతి, కింద ప్రసవిస్తున్న స్త్రీ, ఒక పక్కన ఆస్ట్రోలేబు పట్టుకొని జాతకం గణించే మనిషి, మరొక పక్కన రాస్తున్న అబూ జైద్ కనిపిస్తారు. గ్రహాలను చూసేవాడినీ తాయెత్తు రాసేవాడినీ ఒకే చట్రంలో, ఒకే ఎత్తులో కూర్చోబెట్టడం చిత్రకారుడు తన వంతుగా చేసిన వ్యాఖ్య అనిపిస్తుంది.

ఆ ఓడ తేలిన నీళ్ల పక్కన ఖతర్ జనజీవితం పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల వరకు ముత్యాల చుట్టూ తిరిగింది. వాయవ్య తీరంలో 1760లలో ఎదిగిన జుబారా పట్టణం ముత్యాల వ్యాపారంతోనే వర్ధిల్లింది. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ శిథిల నగరంలో ఒక గోడ గచ్చు మీద గీసిన ఓడ బొమ్మ బయటపడింది. ఈశాన్యాన జస్సాసియా రాతిగుట్టల మీద చెక్కిన సుమారు 900 గుర్తులలోనూ తెడ్లు చాచిన పడవలు ఉన్నాయి. వేసవిలో దాదాపు నాలుగు నెలలు సాగే పెద్ద మునక కాలంలో గయీస్ అని పిలిచే మునిగేవాడు ముక్కుకు ఫితామ్ అనే బిగింపు పెట్టుకొని, కాలికి బరువు కట్టుకొని సముద్రపు అడుగుకు దిగేవాడు. సైబ్ అనే సహాయకుడు తాడు పట్టుకొని అతణ్ని పైకి లాగేవాడు. నహ్హామ్ అనే గాయకుడు పనికి లయ ఇచ్చేవాడు. నఖూదా అనే నౌకాధిపతి ముందుగా ఇచ్చిన అప్పు లెక్క రాసుకునేవాడు. ఆ అప్పు చాలామంది విషయంలో ఒక కాలంతో తీరేది కాదు, తండ్రి పోతే కొడుకు తలమీదికి వచ్చేది. 1863లో ఈ తీరానికి వచ్చిన ఆంగ్ల యాత్రికుడు పాల్‌గ్రేవ్‌తో అప్పటి దోహా పాలకుడు ముహమ్మద్ బిన్ థానీ, పెద్దా చిన్నా తేడా లేకుండా అందరూ ముత్యమనే ఒక్క యజమానికి బానిసలమేనన్న భావం వ్యక్తం చేశాడు. ఈ సముద్రపు ముత్యాలు బొంబాయి మీదుగా హైదరాబాద్ చేరి, బస్రా ముత్యాలు అన్న పేరుతో నిజాం నగరపు అంగళ్లలో అమ్ముడయ్యేవి. ఉమానియ్యా రాసిన బస్రా రచయిత పేరు తెలియని తెలుగువారికి కూడా ఆ ఊరి పేరు ముత్యంతో పరిచయమైంది.

ఇంత ప్రాణాపాయం ఉన్నచోట నమ్మకాలు లేకుండా ఉండవు. గల్ఫ్ నావికుల కథలలో బూ దర్యా అనే సముద్రపు జిన్ను ఉన్నాడు. రాత్రివేళ మునిగిపోతున్న మనిషిలాగా సహాయం కోసం అరిచి, జాలిపడి ఎక్కించుకున్న ఓడకు చేటు చేస్తాడనీ, బాడిసె, రంపం తెమ్మని గట్టిగా కేక వేస్తే పారిపోతాడనీ నావికులు చెప్పుకునేవారు. ఉమానియ్యాలో రాత్రి చీకటిలో ఓడను పిలిచిన గొంతును ఈ కథ పక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్ఫురిస్తుంది. ఒకటి మరొకదాని నుంచి పుట్టిందని చెప్పడానికి ఆధారం లేదు. కాని రాత్రి నీటి మీద వినిపించే గొంతును నమ్మాలా వద్దా అన్నది ఈ సముద్రం మీద బతికిన ప్రతివారికీ ఎదురైన ప్రశ్న. జానపదుడు ఆ గొంతు జిన్నుదన్నాడు. హరీరీ అది మనిషిదేనన్నాడు, మనిషి చేసే చేటు జిన్ను చేటు కంటే తక్కువేమీ కాదని చూపాడు.

తీరాన మిగిలిన స్త్రీల ఆచారం మరొకటి ఉంది. మునక కాలం ముగిసే రోజులు దగ్గరపడినా ఓడలు రాకపోతే, కువైట్, బహ్రైన్, ఖతర్ తీరాలలో స్త్రీలు గుంపుగా ఒడ్డుకు వెళ్లి, తాటాకు వంటి ఖర్జూరపు మట్టను కాల్చి సముద్రానికి వాత పెట్టేవారు. పిల్లిని నీటిలో ముంచేవారు. చేసిన పాపానికి పశ్చాత్తాపపడమని సముద్రాన్నే గద్దించేవారు. కువైటీ దర్శకుడు ఖాలిద్ అల్ సిద్దీఖ్ 1972 నాటి బస్ యా బహర్ సినిమా ఈ ముత్యాల లోకపు విషాదానికి దృశ్యరూపమిచ్చింది. ఈ ఆచారాన్ని మూఢత్వమని ఒక్క మాటలో తోసేయడం న్యాయం కాదు. కొడుకునో భర్తనో మింగినది సముద్రమైతే, అప్పు పుస్తకంలో లెక్క పెంచుకుంటూ పోయినవాడు నఖూదా. స్త్రీలు గద్దించగలిగినది సముద్రాన్ని మాత్రమే.

ఖతర్‌లో తాయెత్తు మీద దాడి నవ్వు నుంచే కాదు, ధర్మపీఠం నుంచి కూడా వచ్చింది. ఖతర్‌లో బలపడిన హన్బలీ ధర్మశాఖకు, నజ్ద్ ప్రాంతపు సంస్కర్త ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహ్హాబ్ బోధలకు తాయెత్తులన్నా, దారాలన్నా, సమాధుల దగ్గర మొక్కుబడులన్నా గిట్టవు. ఆయన ప్రధాన గ్రంథం కితాబుత్ తౌహీద్‌లో ఈ విషయానికి ప్రత్యేకంగా ప్రకరణాలే ఉన్నాయి. దేవుడొక్కడే రక్షకుడని నమ్మేవాడు కాగితాన్ని రక్షకుడిగా కట్టుకోవడం దైవానికి సాటి కల్పించడమేనన్నది ఆ వాదన. ఖురాన్ వాక్యాలు మాత్రమే ఉన్న రాతను కట్టుకోవచ్చా అన్నదానిపై పూర్వ పండితులలో భిన్నాభిప్రాయాలున్నా, ఈ శాఖ కఠినమైన వైపే మొగ్గింది. నజ్ద్ నుంచి వచ్చి 1940 ప్రాంతంలో ఖతర్ న్యాయాధికారిగా నియమితుడై, దశాబ్దాల పాటు ఆ దేశపు షరియా న్యాయస్థానాలకు నాయకత్వం వహించిన షేక్ అబ్దుల్లా బిన్ జైద్ అల్ మహమూద్ మరొక అడుగు ముందుకు వేశాడు. 1979 నవంబరులో మక్కా నగరంలోని ప్రధాన మసీదును ఆయుధాలతో ఆక్రమించినవారు తమలో ఒకణ్ని లోకోద్ధారకుడైన మహదీగా ప్రకటించుకున్న కాలంలోనే, ప్రవక్త తర్వాత ఎదురుచూడవలసిన మహదీ ఎవడూ లేడని వాదిస్తూ ఆయన ఒక గ్రంథం రాశాడు. మహదీ రాకను నమ్మే పండితులు దాన్ని ఖండించారు. వాదంలో ఎవరిది పైచేయి అన్నది ధర్మశాస్త్రజ్ఞుల విషయం. భయంలోనూ ఆశలోనూ ఉన్న జనాన్ని వాడుకునేవారి పట్ల హెచ్చరిక నిష్ఠగల న్యాయాధికారి కలం నుంచే వచ్చిందన్నది ఈ చరిత్రకు ముఖ్యం.

హరీరీ కూడా నిష్ఠగల ముస్లిమే. ఆయన నవ్వు దేవుణ్ని తాకదు, ప్రవక్తను తాకదు, నమాజును తాకదు; నమాజును కూలికి వాడుకునేవాణ్ని తాకుతుంది. చివరిదైన 50వ మఖామాలో అబూ జైద్ బస్రా మసీదులో నిలబడి, తన జీవితమంతా మోసమేనని ఒప్పుకొని, తన కోసం ప్రార్థించమని జనాన్ని అడుగుతాడు. అది కూడా ఎప్పటిలాంటి ఎత్తే. కాని జనం చేసిన ప్రార్థన ఫలిస్తుంది, మోసంగా మొదలైన పశ్చాత్తాపం అతని గుండెలో నిజమవుతుంది. కొంతకాలానికి వెతుక్కుంటూ వెళ్లిన కథకుడికి అతను ఆరాధనలో లీనమైన మనిషిగా కనిపిస్తాడు, ఇద్దరూ చివరిసారిగా విడిపోతారు. మతాన్ని వెక్కిరించే సాహిత్యమని ఈ కథలను పిలిచేవారు 50వ మఖామా దాకా చదవాలి. ఇదే యుగంలో సిరియా కవి అబుల్ అలా అల్ మఅర్రీ 1033లో రాసిన క్షమాపణ లేఖ స్వర్గాన్నే హాస్యరంగంగా మార్చింది. ఆ ధైర్యం వేరు, దాని దారి వేరు, గల్ఫ్ తీరపు నవ్వు ఆ దారిన నడవలేదు.

ఆధునిక ఖతర్‌లో ఈ హద్దుకు చట్టబద్ధత కూడా ఉన్నది. 2004 నాటి శిక్షాస్మృతి 256వ అధికరణం దైవదూషణను, ఖురాన్‌ను, ప్రవక్తలను, షరియా రక్షించే మతాలను అవమానించడాన్ని ఏడేళ్ల వరకు జైలు శిక్ష విధించదగిన నేరంగా పరిగణిస్తుంది. అందువల్ల ఖతరీ వ్యంగ్యం మనుషుల మీద, ముఖ్యంగా కొత్త సంపద ముందు తబ్బిబ్బైన మనుషుల మీద కేంద్రీకరించింది. జపాన్ సాగు ముత్యాలు, 1929 తర్వాతి ఆర్థికమాంద్యం మునకవృత్తిని కూల్చాయి; 1940లో దుఖాన్‌లో చమురు పడింది, 1949లో ఎగుమతి మొదలైంది. ఒక తరం కళ్లముందే లోకం మారిన ఆ కుదుపును అబ్దుర్రహ్మాన్ అల్ మన్నాయీ 1975లో ఉమ్ముజ్ జైన్ నాటకంగా రంగస్థలం మీదికి తెచ్చాడు; ఖతరీ ఆధునిక నాటకానికి అది గట్టి పునాది అని విమర్శకులు గుర్తించారు. ఇదే రచయిత మరో నాటకానికి మఖామాత్ ఇబ్న్ బహ్ర్ అని పేరు పెట్టాడు. పిసినారుల పుస్తకం రాసిన తొమ్మిదో శతాబ్దపు బస్రా హాస్యరచయిత అల్ జాహిజ్ అసలు పేరు అమ్ర్ ఇబ్న్ బహ్ర్ కావడం వల్ల ఆ శీర్షికలోనే ఒక వంశావళి వినిపిస్తుంది. నటుడు, నాటకకర్త గానిమ్ అల్ సులైతీ వేదిక మీదా టెలివిజన్‌లోనూ సామాజిక వ్యంగ్యాన్ని ఇంటింటి మాటగా మార్చాడు. పాత మాటకారి మసీదులో నిలబడితే, ఈ నాటకాలలో అతని వారసుడు కార్యాలయంలోనూ, విందులోనూ, వ్యాపారంలోనూ నిలబడ్డాడు.

ఉమానియ్యాలోని పట్టుగుడ్డ దగ్గరికి తిరిగి వస్తే, దాన్ని ఎవరూ విప్పకపోవడానికి నిషేధం ఒక్కటే కారణం కాకపోవచ్చు. విప్పినా ఆ భవనపు అంతఃపురంలో చదవగలవారు ఉన్నారని కథ చెప్పదు. ఖతర్‌లో ఇరవయ్యో శతాబ్దపు మధ్యభాగం దాకా పిల్లల చదువు ముతవ్వా అనే మతగురువు దగ్గర ఖురాన్ పారాయణంతో మొదలై, చాలామందికి అక్కడే ఆగిపోయేది. ఆడపిల్లలు ఇలాంటి స్త్రీ గురువుల ఇళ్లలో పారాయణం నేర్చుకునేవారు. కంఠస్థం వచ్చేది, రాత వచ్చేది కాదు. 1950ల మధ్యలో ఆమినా మహమూద్ అల్ జైదా బోధనతో ఆడపిల్లలకు తొలి అధికారిక పాఠశాల దోహాలో రూపుదిద్దుకుంది. ముత్యపు ఓడల కోసం ఒడ్డున ఎదురుచూసి, సముద్రానికి వాత పెట్టిన స్త్రీల మనవరాళ్ల తరం ఆ గదులలో కూర్చొని అక్షరం దిద్దింది. 1978లో కల్తమ్ జబర్ కథల సంపుటి అచ్చయి వెలువడింది. ఖతర్ స్త్రీ పేరుతో వచ్చిన మొదటి కథల పుస్తకం అది, దాని శీర్షికలో ఉన్న మాటలు మౌనారణ్యం, సంకోచం.